తెలియదని చెప్పడానికి మూడు జిల్లాలు

"తెల్వదని చెప్పనీకి బస్సు కిరాయి ఎందుకమ్మా?" అన్నారు మా మేనేజరు గారు.

అడగవలసిన ప్రశ్నే. తెలిసిన సంగతి చెప్పడానికి ఎవరైనా ఊళ్ళు తిరుగుతారు. తెలియని సంగతి చెప్పడానికి ముసురులో జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాలు చుట్టి వచ్చినదాన్ని బహుశా నేనొక్కదాన్నేనేమో. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, కాళ్ళ నొప్పులు తగ్గాక, ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఒక చిన్న సహకార కేంద్రంలో పనిచేస్తాను. అక్కడ జీవన ఎరువు తయారుచేస్తాం. గాలిలో నత్రజని బోలెడంత ఉంది కానీ పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. మట్టిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. కంది, పెసర లాంటి పైర్లకైతే వేళ్ళ మీద బుడిపెలు కట్టుకుని ఇల్లరికపుటల్లుళ్ళలా స్థిరపడిపోతాయి. మొక్కజొన్నకూ వరికీ ఆ బుడిపెలు రావు. వాటికి మేమిచ్చేది అజోస్పిరిల్లం అనే మరో రకం. అది వేళ్ళను ఆనుకుని అద్దెకున్నట్టు ఉంటుంది, ఉన్నన్నాళ్ళూ కాస్త నత్రజని అందిస్తుంది. యూరియా అవసరాన్ని కొంత తగ్గిస్తుందే తప్ప మొత్తం తీర్చదు. ఈ మాట ప్రతి ప్యాకెట్ మీదా అచ్చు వేస్తాం. ఎవరూ చదవరు.

ప్యాకెట్‌లో కనబడేది నల్లటి లిగ్నైట్ బొగ్గు పొడి. అందులో జీవులు ప్రాణాలతో ఉంటాయి కనుక చల్లగా ఉంచాలి. వేసవి చివర్లో గాలివానకు మా వీధిలో స్తంభాలు ఒరిగిపోయి కరెంటు పోయింది. జనరేటరూ మొరాయించింది. మా చల్లగది వేడెక్కిపోయింది. ఆ సంగతి నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ప్యాకెట్లు ఊళ్ళకు వెళ్ళి, బెల్లం నీళ్ళతో విత్తనాలకు పట్టి, చేలు మోకాలెత్తు పెరిగాక, ఒకనాడు టీ తాగుతూ మా స్టోరు కీపరు మాటవరసకు అన్నాడు. నాకు పొలమారింది.

ఈ ఏడు యూరియా దొరకడమే గగనంగా ఉంది. చాలామంది మా ప్యాకెట్‌ను నమ్ముకుని మొదటి విడత యూరియా మానేశారు. లోపలి జీవులు చచ్చి ఉంటే ఆ చేలకు వెంటనే యూరియా పడాలి, లేకపోతే పంట చేతికి రాదు. బతికుంటే అంత కంగారు లేదు. అదే బ్యాచ్‌లో మిగిలిన ప్యాకెట్లు తీసి, నాతో పనిచేసే శైలజ గాజు పళ్ళేల్లో పరీక్షకు పెట్టింది. జీవులు పెరిగి కంటికి కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎంత బతిమాలినా తొందరగా పెరగవు.

"ఫలితం వచ్చినంక పోవచ్చు గద," అన్నారు మేనేజరు గారు.

"అప్పటిదాకా పైరు ఆగుతుందాండీ?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి కిరాయి డబ్బులు ఇప్పించారు. "జర చూసి మాట్లాడు, పరేషాన్ చెయ్యకు," అని ఒక జాగ్రత్త కూడా చెప్పారు.

జనగామ

మొదట వెళ్ళింది జనగామ దాటి ఆటోలో వెళ్తే వచ్చే ఒక ఊరికి. అక్కడి రాజిరెడ్డి గారు పెద్ద రైతు, ఊళ్ళో ఆయన మాట చెల్లుతుంది. ముందు వాళ్ళింట్లో సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లికాడలు కలిపి, గిన్నె లోపల చేత్తో అద్ది, వేలితో బెజ్జాలు పెట్టి నూనె పోసి కాలుస్తారు. మాది కృష్ణా జిల్లా. మా వైపు దీని చుట్టం ఉంది, తపాలా చెక్క అంటామని చెప్పాను. ఆ ఇంటి కోడలు నన్ను జాలిగా చూసి ఇంకొక ముక్క వేసింది.

రైతు వేదికలో జనం బాగానే వచ్చారు. మైకు మాత్రం రెండు మాటలకొకసారి కూతపెట్టింది. నేను రాత్రంతా తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. "ప్యాకెట్లలోని జీవులు బతికి ఉండవచ్చు. కొంతమేర తగ్గి ఉండవచ్చు. ఒకవేళ పూర్తిగా చచ్చిపోయి ఉండవచ్చు. నిల్వ ఉన్న పరిస్థితిని బట్టి, నేలలో తేమను బట్టి..." ఒక్క అబద్ధమూ లేదు అందులో. ప్రతి మాటా తూచి తూచి అన్నదే.

రాజిరెడ్డి గారు చెయ్యెత్తారు. "అమ్మా, జర ఆగు. గా మందు మంచిగున్నదంటవా, ఖరాబైందంటవా?"

"ఇప్పుడే చెప్పలేమండీ. రెండింటికీ అవకాశం..."

"గట్లయితే గింత దూరం ఎందుకొచ్చినవ్?"

వేదిక మొత్తం గొల్లుమంది. వెనక నుంచి ఎవరో, "ఆంధ్రోళ్లు గింతే, ఒక్క ముక్క చెప్పనీకి ఊరంత తిప్పుతరు," అన్నారు. మళ్ళీ నవ్వులు. మా వాళ్ళు ఎన్నేళ్ళపాటో సినిమాల్లో వీళ్ళ మాటను వెక్కిరించారు. ఆ బాకీ నా మీద తీర్చుకుంటున్నారులే అని నేనూ నవ్వేశాను. కానీ లోపల చురుక్కుమంది. నిజమే చెప్పాను కదా, మరి ఎందుకు ఎవరికీ పనికిరాలేదు? ఆ ప్రశ్న ఆటోలో నాతోపాటు జనగామ స్టేషన్ దాకా వచ్చింది.

మానుకోట

మహబూబాబాద్‌ను ఆ చుట్టుపక్కల మానుకోట అంటారు. రైల్లో నా ఎదురు సీట్లో ఒక పెద్దామె కూర్చుంది, ఒళ్ళో ఆకుకూరల గంప. కాజీపేట దాటాక నన్ను చూసి, "ఎవుసం ఉన్నదా బిడ్డా మీకు?" అని అడిగింది. పొలం లేదన్నాను.

"బతికిపోయినవ్. గా నల్ల పొడి ప్యాకెట్ ఏసినోళ్ల చేన్లు మొత్తం ఎండిపోతున్నయట. జనగామల ఒక మేడమొచ్చి మైకుల చెప్పిందట. మా అల్లుడు ఫోన్ల చూపిచ్చిండు."

ఆ మేడం ఎలా ఉంటుందని అడిగాను. ఫోన్‌లో మొహం సరిగా కనబడలేదంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

తర్వాత ఆ వీడియో ముక్క నాకూ అందింది. నా ఉపన్యాసంలో "చచ్చిపోయి ఉండవచ్చు" అన్న చోట మొదలై, "ఉండవచ్చు" మైకు కూతలో కలిసిపోయి ఆగిపోయింది. మేనేజరు గారు ఫోన్ చేసి, "జర చూసి మాట్లాడమన్న గద," అని పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

స్టేషన్ బయట మిర్చి బజ్జీ బండి ఉంది. ప్లేటు ఇరవై రూపాయలు, పైన ఉల్లిపాయ తరుగు, నిమ్మరసం. మా వైపు మిర్చి పొట్టలో వాము పెడతారు. ఇక్కడ చింతపండు పులుపు తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బజ్జీ వల్లేనని బండాయనకు చెప్పాను. ఆ రాత్రి లాడ్జిలో నా ఉపన్యాసం కాగితాలు మడిచి సంచీ అడుగున పడేశాను.

గూడూరు

మర్నాడు గూడూరు సొసైటీ దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు యూరియా లారీ వస్తుందని కబురు. మనుషులు గోడ నీడన, అరుగుల మీద కూర్చుని ఉన్నారు. లైన్లో మాత్రం చెప్పులున్నాయి. హవాయి చెప్పులు, రబ్బరు బూట్లు, మధ్యలో ఒక రాయి, ఒక ఖాళీ టిఫిన్ డబ్బా. ఒక్కొక్క జత ఒక్కొక్క మనిషి. ముందు వాళ్ళ పని అయితే ఎవరో ఒకరు లేచి అన్నింటినీ ముందుకు జరుపుతారు. మనుషులు కొట్టుకుంటారేమో కానీ చెప్పుల వరసను ఎవరూ తప్పించరు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నేను చేసిందేమిటంటే, ఎక్కడికి వెళ్ళినా గడప బయట చెప్పులు విడవడం నాకలవాటు. సొసైటీ మెట్ల పక్కన విడిచి లోపలికి వెళ్ళి కార్యదర్శితో మాట్లాడి వచ్చేసరికి బయట గొడవ. నా చెప్పులు వరసలో చాలా ముందుకు జరిగి ఉన్నాయి.

"గీ బెల్టు చెప్పులు ఎవలయి? నా ముంగట ఎవలు జొర్రిండ్రు?" అని ఒకామె అరుస్తోంది. నలభై దాటి ఉంటాయి, చీర కొంగు నడుముకు బిగించింది, ఉత్త కాళ్ళు. ఆమె చెప్పులు నా చెప్పుల వెనకే ఉన్నాయి మరి. ఆమె పేరు యాకమ్మ.

"నావేనమ్మా," అన్నాను.

"ఏ ఊరు నీది? పొద్దుగాల లేకుంటివి గద!"

"నేను యూరియాకు రాలేదు. లోపలికి వెళ్తూ విడిచానంతే."

క్షణం సేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అరుగు మీది ముసలాయన నవ్వు మొదలుపెట్టాడు, అది చివరిదాకా పాకింది. "మేడం నీ నంబరు ముంగట్నే ఉన్నది, ఒక బస్తా పట్కపో," అన్నాడు. యాకమ్మ కూడా నవ్వి, నా చెప్పులు తీసి నా చేతికే ఇచ్చింది. "మల్ల దేనికొచ్చినవ్?"

"నల్ల పొడి ప్యాకెట్లు మేమే చేశాం. ఆ సంగతి చెప్పడానికి."

నవ్వు ఆగిపోయింది. గోడ నీడన ఉన్నవాళ్ళంతా లేచి దగ్గరికి వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నిలబడ్డాను.

"బతికున్నయా, సచ్చినయా?" అంది యాకమ్మ.

"తెలియదమ్మా. కరెంటు పోయినప్పుడు మా దగ్గర ప్యాకెట్లు వేడెక్కాయి. దాన్నిబట్టి కొన్ని..."

"గవన్ని తర్వాత చెప్పు. లైన్ల నిలబడాల్నా, ఇంటికి పోవాల్నా?"

 జనగామలో అంతసేపు మాట్లాడి ఈ ఒక్కదానికీ జవాబు చెప్పలేదు నేను. జవాబు లేకనా? ఉంది. బతికినా చచ్చినా మారని జవాబు అది.

"నిలబడండి," అన్నాను. "అవి బతికున్నా కొంత యూరియా కావాలి, చచ్చినా కావాలి. కాబట్టి దొరికింది తీసుకోండి. ఎంత వెయ్యాలన్నది పరీక్ష అయితే తెలుస్తుంది. ఎల్లుండి పొద్దున తెలుస్తుంది. మంచి కబురైనా చెడ్డ కబురైనా నేనే ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఎవరూ చేను చెడగొట్టుకోకండి. నాకు తెలిసింది ఇంతే."

అయిపోయింది. ఒకరిద్దరు ఇంకేవో అడిగారు. కొన్నింటికి తెలుసన్నాను, కొన్నింటికి తెలియదన్నాను. తెలియదన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. ముసలాయన తల ఊపి తన రాయి పక్కన వెళ్ళి కూర్చున్నాడు. చెప్పులు వేసుకుంటుంటే యాకమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"మా చేను రేపు దున్నిపిస్తున్నం మేడం. ట్రాక్టర్ మాట్లాడినం. ఒక్కసారి వచ్చి చూడు."

మక్క చేను

యాకమ్మ, ఆమె భర్త సారయ్య కౌలుకు చేస్తున్న మొక్కజొన్న చేను అడవి అంచున ఉంది. వాళ్ళు మక్క అంటారు. మొక్కలు మోకాలు దాటాయి. కింది ఆకులు కొసల నుంచి మధ్య ఈనె వెంబడి పసుపు తిరుగుతున్నాయి. నత్రజని చాలకపోతే అలాగే ఉంటుంది. కానీ వారం నుంచి వాన, మడిలో నీళ్ళు నిలిచాయి, దానికీ అలాగే ఉంటుంది. ఒక మొక్క పీకి వేళ్ళు కడిగి చూశాను. మా జీవులు కంటికి కనబడేవి కావు. ఆ మాటే చెప్పాను.

సారయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మాట నెమ్మదైన మనిషి. "ఇగో మేడం, నేను మీ మీద కోపంతోని అంటలేను. పక్క చేను ఆయనకాడ మిర్చి నారు మిగిలింది, ఇస్తనన్నడు. ఇప్పుడు మక్క దున్ని మిర్చి పెడితే ఈ కారు పంటన్న దక్కుతది. నారు ముదిరితే ఎవలకు పనికిరాదు. ట్రాక్టరాయన నర్సంపేట దిక్కుకెల్లి వస్తుండు. ఇయ్యాల రేపు కాదంటే మల్ల దొరకడు. తెల్వదని చెప్పేటోళ్ల మాట మీద ఎట్ల ఆగుడు?"

ఆయన చెప్పినదాంట్లో తీసెయ్యడానికి ఒక్క ముక్క లేదు. ఆగితే, జీవులు చచ్చి ఉంటే, చాలినంత యూరియా దొరక్క మొక్కజొన్నా పోతుంది మిరపా పోతుంది. దున్నేస్తే, జీవులు బతికి ఉంటే, బాగున్న చేనును చేతులారా చంపుకున్నట్టు. ఆగండి అనడం తేలిక, మునిగేది వాళ్ళు. నాకు భయం వేసింది. "నాకూ భయంగానే ఉందన్నా," అని పైకే అన్నాను.

యాకమ్మ వచ్చి భర్త పక్కన నిలబడింది. "ఎరువుల దుకాణపాయన ఎన్నడన్న తెల్వదన్నడా?" అని భర్తను అడిగింది. "అన్నిటికి తెలుసంటడు. అన్నిటికి మంచిగైతదంటడు. ఎన్నిసార్లు మునిగినం?"

"గదానికీ దీనికీ ఏంది?"

"ఏమో. ఎల్లుండి చెప్తనన్నది గద. ఎల్లుండికి రమ్మను ట్రాక్టర్ను. మేడం, ఎల్లుండి పొద్దున ఫోన్ చేస్తవు గద?"

"చేస్తాను."

"సచ్చినయన్నా చేస్తవా?"

"చచ్చినా చేస్తాను," అన్నాను. అన్నాక ఆ మాట విచిత్రంగా వినిపించి ముగ్గురం నవ్వాం. సారయ్య ట్రాక్టరాయనకు ఫోన్ చేశాడు. ఆయన ఎల్లుండి పొద్దున వస్తానని, ఆ తర్వాత మాత్రం ములుగు దిక్కు పోతానని, మళ్ళీ అడగొద్దని ఖచ్చితంగా చెప్పాడు.

ఘనపూర్, భూపాలపల్లి

మర్నాడు భూపాలపల్లి జిల్లా ఘనపూర్ వెళ్ళాను, అక్కడ మా ప్యాకెట్లు వరి నారుకు వాడారు. అక్కడ కరీం భాయ్ ఉన్నాడు. భూపాలపల్లి గనిలో పనిచేసి రిటైరై, ఘనపూర్‌లో కొంచెం వరి చేసుకుంటున్న మనిషి. బస్టాండు దగ్గర హోటల్లో నన్ను అందరికీ పరిచయం చేశాడు. "చూడుండ్రి, ధైర్యమంటె గిది. బొగ్గుబాయి ఊరికి మేడం బొగ్గుపొడి అమ్మవచ్చింది!"

ఈసారి నేను ఉపన్యాసం చెప్పలేదు. ముందు ఏం చెయ్యాలో చెప్పాను, తర్వాత ఏం తెలుసో, తర్వాత ఏం తెలియదో, ఎప్పుడు తెలుస్తుందో. టీ చల్లారకముందే అయిపోయింది. ఒకాయన, "ఫోన్లొచ్చింది జూసినం, చేన్లు ఎండిపోతయని?" అని అడిగాడు. ఆ మేడం నేనేనని, నా మాట సగానికి కోశారని, అయినా తప్పు కోసినవాళ్ళది మాత్రమే కాదని చెప్పాను. కొయ్యడానికి వీలుగా అంత పొడుగున ఎవరు మాట్లాడమన్నారు నన్ను?

రాత్రి బస భూపాలపల్లిలో కరీం భాయ్ కూతురింట్లో, కార్మికుల క్వార్టర్లలో. ఆరేసిన బట్టల మీద కూడా సన్నటి నల్లపొడి. వాళ్ళకది కనబడదు. బగారా అన్నం, దాల్చా పెట్టారు. మేము పప్పులో సొరకాయ వేస్తే పప్పనే అంటాం. అదే సొరకాయను చింతపులుపుతో, మాంసంతో శనగపప్పులో ఉడికిస్తే ఇంత మర్యాద వస్తుందని నాకు తెలియదు. నేను సరిగా తినడం లేదని కరీం భాయ్ పసిగట్టాడు.

"ఫికర్ చెయ్యకు అమ్మా. మంచిగనే ఉంటయ్."

"మీకెలా తెలుసు?"

"నాకేం తెల్వదు. నువ్వు తింటవని అన్న." అందరూ నవ్వారు. నేను ఇంకొంచెం పెట్టించుకున్నాను.

తెల్లవారి టీ తాగుతుంటే శైలజ ఫోన్. ఆ పిల్ల ఎప్పుడూ ముందు "హలో మేడం, తిన్నారా" అంటుంది. ఆ రోజు అనలేదు. "మేడం, ఉన్నాయి. పళ్ళేల నిండా కాదు, ప్యాకెట్ మీద రాసినంత లేవు. సగానికి పైన బతికున్నాయి. రెండుసార్లు చూశాను."

గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను.  కరీం భాయ్ కూతురు పరుగున వచ్చి మంచినీళ్ళిచ్చింది. చెడ్డ కబురనుకుంది పాపం. సగానికి పైన ఉంటే చాలు, పైరు నిలబడుతుంది. మానేసిన విడత యూరియా మొత్తం అక్కర్లేదు, అందులో సగం వేస్తే సరిపోతుంది.

వెంటనే యాకమ్మకు చేశాను. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాను. స్విచ్ ఆఫ్. పొద్దు ఎక్కుతోంది, ట్రాక్టరు ఈపాటికి బయల్దేరి ఉంటుంది.  గూడూరు సొసైటీ కార్యదర్శికి చేసి లైన్లో ఉన్నవాళ్ళకు చెప్పమన్నాను, ఆయన చెబుతానన్నాడు. యాకమ్మ మాత్రం ఆ రోజు లైన్లోకి రాలేదట. జనగామ రాజిరెడ్డి గారికి చేశాను. ఆయన తాపీగా విన్నారు.

"సంతోషమమ్మా. మేమైతే నువ్వు పోయిన నాడే లైన్ల నిలబడి ఉన్నకాడికి యూరియా ఏసినం."

"ఎందుకండీ? నేను చెప్పలేదే!"

"నువ్వు ఏం చెప్తున్నవో సమజ్ కాలే గద. ఎందుకైనా మంచిదని ఏసినం."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జనగామ గట్టెక్కింది, నా ప్రతిభ వల్ల కాకపోయినా.

మళ్ళీ మక్క చేను

బస్సుల మీద ఆధారపడితే మధ్యాహ్నం దాటుతుంది. కరీం భాయ్ అల్లుడు తన కారు తీశాడు. దారి పొడుగునా యాకమ్మ నంబరు నొక్కుతూనే ఉన్నాను. ములుగు దాటాం, మల్లంపల్లి, నర్సంపేట. ఎదురుగా ఏ ట్రాక్టరు వచ్చినా నాగలి పళ్ళకు తడి మట్టి ఉందేమోనని చూశాను. ఒకదానికి ఉంది. అది వాళ్ళ చేనుదేనని మనసులో ఖాయం చేసుకున్నాను.

మలుపు తిరగగానే గట్టు పక్కన ట్రాక్టరు కనబడింది. ఇంజను ఆగి ఉంది. దాని వెనక చేను, నిలువునా, పచ్చగానే కాస్త పసుపుగానే, నిలబడి ఉంది. ఒక్క సాలు కూడా దున్నలేదు. కారు పూర్తిగా ఆగకముందే దిగి బురదలో జారి మోకాళ్ళ మీద పడ్డాను.

యాకమ్మ వచ్చి లేపింది. "ఏమైంది? ఫోన్ చేస్తనంటివి గద!"

"నీ ఫోన్ పనిచేస్తేగా!"

ఆమె వెనక్కి తిరిగి సారయ్యను చూసింది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి నొక్కాడు. చార్జింగ్ అయిపోయి చచ్చి ఉంది. రాత్రి కరెంటు లేదట. పొద్దున్నుంచీ ఆ ఫోన్ మోగుతుందని ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. "ఇగ మోగుతది, ఇగ మోగుతది అనుకుంట ఉన్నం," అన్నాడు సారయ్య సిగ్గుపడుతూ.

"మరి ట్రాక్టరు?"

యాకమ్మ పక్కకు చూపించింది. మోదుగు చెట్టు కింద ట్రాక్టరాయన తువ్వాల పరచుకుని గురక పెడుతున్నాడు. పక్కన ఎంగిలి విస్తరి, దాని నిండా కోడి ఎముకలు.

"పొద్దుగాలనే వచ్చిండు. దున్నుతా అన్నడు. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తగ పనిల పెడుతరా, బువ్వ తిని దున్ను అన్న. కూర కావాలె గద, కోడిని కోసిన. కోడి ఉడికేదాక కూసున్నడు. తిన్నడు. ఇంకింత పెట్టిన. ఇంకింత పెట్టిన. ఇగ లెవ్వలే."

సారయ్య నేల చూస్తూ నవ్వాడు. "పండుగకు కొయ్యమంటె కొయ్యని కోడి మేడం అది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గట్టు మీదే కూలబడి, శైలజ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. సగానికి పైన బతికున్నాయి. ప్యాకెట్ మీద రాసినంత లేవు, అది మా తప్పే. చేను దున్నక్కర్లేదు. నిలిచిన నీళ్ళు తీసేసి సగం యూరియా వేస్తే తేరుకుంటుందని నా నమ్మకం, పదిహేను రోజుల్లో కొత్త ఆకుల్లో తెలుస్తుంది, అప్పుడు నేనే వచ్చి చూస్తాను. సారయ్య లేచి చేనులోకి నడిచాడు. మొదటి సాలు దగ్గర వంగి ఒక మొక్క మొదట్లో మట్టి ఎగదోశాడు, తర్వాత రెండోదానికి, మూడోదానికి.

యాకమ్మ ఆయన్ను చూసి కళ్ళు కొంగుతో తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"సగమేనా బతికినయి?"

"సగానికి పైనే."

"గంతైతే సాలు తియ్," అంది. "నేను గూడ నిన్ను సగమే నమ్మిన."

ట్రాక్టరాయనను లేపి పంపించి, కోడి కూర గిన్నెలో అడుగున మిగిలింది నాకు పెట్టింది.